ఓడిపోవడం నేర్చుకున్నాను

ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. "మా పిల్లవాడికి పదకొండో ఏడు. చదరంగమంటే ప్రాణం. ఇంట్లో వాళ్ళ నాన్నగారితోనూ, తాతగారితోనూ ఆడుతూ వుంటాడు. కాని ఏడాది నుంచీ ఆట ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టుంది. మా పేటలో చదరంగం సంఘం ఒకటి వుంది. అక్కడికి పంపితే ఆట బాగుపడుతుందా, లేక ఉన్న చదువు కాస్తా పాడవుతుందా?" అని అడిగారు.

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు. పంపండమ్మా. అయితే పిల్లవాణ్ణి పంపేముందు వాళ్ళ నాన్నగారిని పంపితే ఇంకా మంచిది. ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే నా కథ కాస్త చెప్పుకోక తప్పదు. అది నాకు అంత గౌరవం తెచ్చే కథ కాదు.

నాకు చదరంగం నేర్పింది మా తాతయ్య. ఊళ్ళో ఇంటి అరుగు మీద, సుద్దముక్కతో గీసిన గళ్ళలో నేర్పాడు. అది పాత పద్ధతి ఆట. మొదటి ఎత్తులో బంటు రెండు గళ్ళు దూకడానికి వీల్లేదు. రాజు కోట కట్టడం లేదు. దానికి బదులు రాజు, అంతవరకూ చెక్ తగలకపోతే, ఆట మొత్తానికి ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. చుట్టూ పదిమంది చేరి "ఏనుగు నడుపు, ఏనుగు నడుపు" అని సలహాలివ్వడం, వేసిన ఎత్తు నచ్చకపోతే "ఆగాగు, చూసుకోలేదు" అని వెనక్కి తీసుకోవడం కూడా ఆ ఆటలో భాగమే.

ఆ పద్ధతి తక్కువదని నేననను. మీర్ సుల్తాన్ ఖాన్ మన దేశవాళీ పద్ధతిలోనే ఆట నేర్చుకున్నాడు. తరవాత పడమటి పద్ధతి అలవరచుకుని, 1929, 1932, 1933 సంవత్సరాలలో మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకా అంతటివాణ్ణి మట్టి కరిపించాడు. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, 2024లో, ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. ఆయనకూ నాకూ తేడా ఒక్కటే. ఆయన అరుగు దిగాడు. నేను దిగలేదు.

దిగవలసిన అవసరం నాకు కనిపించలేదు మరి. మా వీధిలో చదరంగం తెలిసినవాళ్ళం నలుగురం. తక్కిన ముగ్గుర్నీ నేను ఓడిస్తూ వుండేవాణ్ణి. ఆఫీసులో భోజనాల వేళ ఒకరిద్దరు కూచునేవాళ్ళు, వాళ్ళూ ఓడేవాళ్ళు. అంచేత ప్రపంచంలో నన్ను ఓడించేవాళ్ళు ఎక్కడో దూరంగా వుంటారనీ, వాళ్ళతో నాకు పనిలేదనీ అనుకుంటూ హాయిగా వున్నాను.

మా అబ్బాయికి ఎనిమిదో ఏట నేనే ఆట నేర్పాను. వాడు చురుకైనవాడు. అయితే నా నేర్పడంలో ఒక చెడ్డగుణం వుంది. వాడు తప్పు ఎత్తు వేసినప్పుడల్లా "బుర్ర ఎక్కడ పెట్టావురా?" అనేవాణ్ణి. సరదాగానే అన్నాననుకునేవాణ్ణి. బళ్ళో పోటీలు పెట్టారు. వాడు మొదటి ఆటలోనే ఓడి వచ్చాడు. ఇంటికి వచ్చే దారి పొడుగునా స్కూటరు మీద నేను మాట్లాడుతూనే వున్నాను. ఇన్నాళ్ళు నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరయిందన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. వాడు నా వెనక కూచుని ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ రాత్రి వాడు స్టూలు వేసుకుని చదరంగం బల్లను అటక మీద పెట్టేశాడు. "నేనింక ఆడను నాన్నా" అన్నాడు. కోపంగా అన్నా బాగుండును. మామూలుగా, హోంవర్కు అయిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

ఏడాది గడిచింది. నేను రెండు మూడుసార్లు బల్ల దింపాను. వాడు "తలనొప్పిగా వుంది" అనేవాడు. ఒకనాడు మా ఆవిడతో ఈ మాటే చెప్పుకుని బాధపడ్డాను. ఆవిడ కూర తరుగుతూ, తలెత్తకుండానే అంది: "మెయిన్ రోడ్డు మీద లైబ్రరీ మేడ మీద చదరంగం సంఘం వుందిట కదా. ఒకసారి మీరు వెళ్ళి ఆడి రండి."

"నేనెందుకు? ఆడనంటున్నది వాడు" అన్నాను.

"ఓడిపోతే ఎలా వుంటుందో మీకూ తెలుస్తుందని" అంది.

నేను వెళ్ళింది ఆ మాటకు సమాధానం చెప్పడానికే. గెలిచి వచ్చి చూపిద్దామని.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. మేడ మీద హాల్లో ఎనిమిది బల్లలు. ఒక్క మాట వినిపించదు, గడియారాల మీటలు టక్కుమనడం తప్ప. సంఘాన్ని నడిపే ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. "రండి, కూచోండి" అని నన్నొక బల్ల దగ్గర కూచోబెట్టారు. ఎదురుగా రెండు జడల అమ్మాయి. పదేళ్ళుంటాయేమో. నాకు చిన్నతనమనిపించింది. సరే, పిల్లను నొప్పించకుండా గెలుద్దామనుకున్నాను.

పన్నెండో ఎత్తులో గుర్రాన్ని పట్టుకుని ఎత్తాను. ఎత్తాక తెలిసింది, అది కదిలితే వెనక మంత్రి పోతుందని. గబుక్కున మళ్ళీ అక్కడే పెట్టేశాను.

"ముట్టుకున్న పావునే కదపాలండీ, తాతగారూ" అంది ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా.

నాకు నలభై ఆరేళ్ళు. గుర్రం పోయినందుకు, మంత్రి పోయినందుకు విచారించాలో, తాతగారినైనందుకు విచారించాలో తెలియలేదు. మేష్టారు వచ్చి నియమం చెప్పారు. గడిలో సరిగ్గా లేని పావును సవరించుకోవాలంటే ముందుగా "సర్దుతున్నాను" అని చెప్పి ముట్టుకోవాలిట. చెప్పకుండా ముట్టుకుంటే కదపవలసిందే. ఇరవై మూడో ఎత్తుకు నా ఆట కట్టయింది.

లేచి చెప్పులు వేసుకోబోతున్నాను. "అయ్యో, వెళ్ళిపోతున్నారా? ఆట చూసుకోవద్దూ?" అంది ఆ పిల్ల. అప్పుడు గమనించాను, ఆ అమ్మాయి మొదటి నుంచీ నా ఎత్తులూ తన ఎత్తులూ ఒక కాగితం మీద రాసుకుంటూ వుంది. పావులు మళ్ళీ పేర్చి, మొదటి నుంచీ ఆట నడిపించింది. "ఇక్కడ మీరు శకటు ఇక్కడికి వేసి వుంటే నాకు భయమేసేది. మీరెందుకు వెయ్యలేదు?" అని అడిగింది. నాకా ఎత్తు తోచనేలేదు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ ఆటలో మంచి వెతికి చూపించడం నేనదే మొదటిసారి చూడటం. ఇంటికి వెళ్ళేదారిలో నాకు మా స్కూటరు ప్రయాణం జ్ఞాపకం వచ్చింది.

మా ఆవిడ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. కాని వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ పై ఆదివారమూ వెళ్ళాను. అయిదు వారాలు వరసగా ఓడిపోయాను.

ఆ అయిదు వారాల్లోనూ, ఆ తరవాతా మేష్టారు దగ్గర నేను నేర్చుకున్నది ఇక్కడ చెబుతాను. ఉత్తరం రాసిన సోదరికి పనికి రావచ్చు.

మొదటిది, ప్రతి ఎత్తూ రాయడం. బల్ల మీద నిలువు వరసలకు ఎడమ నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. అడ్డ వరసలకు తెల్లవారి వైపు నుంచి 1 మొదలు 8 దాకా అంకెలు. అరవై నాలుగు గళ్ళలో ప్రతి గడికీ ఒక చిరునామా వుంటుందన్నమాట. రాజు ముందున్న తెల్లబంటు రెండు గళ్ళు నడిస్తే "ఇ4" అని రాస్తారు. ఒక గంటలో వచ్చే విద్య. రాయనివాడు ఓడిన ఆటను ఇంటికి వెళ్ళేలోపల మరిచిపోతాడు. మరిచిపోయినవాడు మళ్ళీ అదే తప్పు చేస్తాడు. నేను ముప్ఫై ఏళ్ళపాటు ఒకే తప్పు చేస్తూ వచ్చానని రెండు నెలల కాగితాలు చూశాక తెలిసింది. నాకు ఎదుటివాడి గుర్రం కనపడదు! అది ఒకే దెబ్బతో రాజునూ ఏనుగునూ పట్టుకున్నాక గాని కనపడదు.

రెండోది, ఎదుటివారు ఎత్తు వేయగానే "ఇది ఎందుకు వేశారు?" అని మనసులో అడుక్కోవడం. మనం మన ఎత్తుగడల్లో మునిగి వుంటాం. అవతలివారికి కూడా ఒక ఆలోచన వుంటుందన్న మాటే తట్టదు. మేష్టారు దీనికో ఉపాయం చెప్పారు. ఆలోచించినంతసేపూ చేతులు తొడల కింద పెట్టుకుని కూచోమన్నారు. నవ్వకండి, ఎంతో మేలు చేసింది.

మూడోది, ఆటను చివరి నుంచి నేర్చుకోవడం. మొదటి పది ఎత్తులూ కంఠస్థం చేయడం మీద పిల్లలకు మోజెక్కువ. కాపాబ్లాంకా మాత్రం ముందు ముగింపులు చదవాలనేవాడు. బల్ల మీద పావులు తక్కువగా వున్నప్పుడే ఒక్కొక్క పావు సత్తువ ఎంతో తెలుస్తుంది. ఏనుగూ రాజూ కలిసి ఒంటరి రాజును ఎలా కట్టిపడేస్తాయో, బంటును మంత్రిగా ఎలా చెయ్యాలో తెలియనివాడు నడిమి ఆటలో ఏది ఇచ్చి ఏది పుచ్చుకోవాలో ఎలా చెప్పగలడు?

నాలుగోది, మనకంటె గట్టివాళ్ళతో కూచోవడం. ఇక్కడొక లెక్క చెప్పాలి. ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో చెప్పే రేటింగు పద్ధతి వుంది. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఏలో దాన్ని తయారు చేశాడు. ఫిడే 1970లో స్వీకరించింది. ఆ లెక్క ప్రకారం మీకంటె రెండువందల పాయింట్లు ఎక్కువున్న ఆటగాడితో నాలుగు ఆటలాడితే, సుమారు మూడు పాయింట్లు అతనికీ, ఒకటి మీకూ రావాలి. ఆ ఒకటి వచ్చిందంటే మీరు బాగా ఆడినట్టే. ఓటమి అవమానం కాదు, చాలామటుకు కూడికా తీసివేతా అని లెక్కల మేష్టారు నచ్చజెప్పారు. ఈ మాట నాకు నా కొడుకు ఎనిమిదో ఏట తెలిసివుంటే ఎంత బాగుండేదో!

"ఇవన్నీ ఫోనులో కూడా వున్నాయి కదా, సంఘం దాకా ఎందుకు?" అంటారు కొందరు. వున్నాయి. ఫోనులో నేనూ ఆడుతున్నాను. ఏ ఎత్తు గొప్పదో యంత్రం తక్షణం చెబుతుంది. మనకది ఎందుకు తట్టలేదో మాత్రం చెప్పలేదు. అది ఎదుటి కుర్చీలో వున్న మనిషి అడగాలి. ఫోనులో ఓడితే ఒక్క మీట నొక్కి ఇంకో ఆట మొదలుపెట్టవచ్చు. సంఘంలో ఓడితే చేయి కలిపి, కూచుని, ఓడిన ఆటను చూసుకోవాలి.

పెద్ద ఆటగాళ్ళు పెరిగిన తీరు కూడా ఇదే చెబుతుంది. విశ్వనాథన్ ఆనంద్‌కు ఆట నేర్పింది తల్లి. తరవాత ఆయన ఆట పదునెక్కింది మద్రాసులో సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో నడిచిన తాల్ చెస్ క్లబ్బులో. ఆ క్లబ్బు 1972లో మొదలైంది. దాన్ని నిలబెట్టినవాడు మాన్యుయెల్ ఆరన్, 1961లో మన దేశపు తొలి ఇంటర్నేషనల్ మాస్టరైనవాడు. ఆ క్లబ్బు కుర్రవాడు 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టరయ్యాడు.

మనవాళ్ళలో చూడండి. గుంటూరు పెంటేల హరికృష్ణకు తాతగారు ఆట నేర్పారు. 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియనయ్యాడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తండ్రే గురువు. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయింది. 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్. గుంటూరు ద్రోణవల్లి హారిక, వరంగల్లు ఎరిగైసి అర్జున్ 2024 బుడాపెస్టు ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు గెలిచిన మన జట్లలో వున్నారు. తాతయ్య దగ్గరా, నాన్న దగ్గరా ఆట మొదలుపెట్టడం మనకు కొత్త కాదు. అక్కడే ఆగిపోకపోవడమే వాళ్ళు చేసిన పని.

ఇక నా కథకు వస్తాను. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఓడిన ఆట కాగితం ముందు పెట్టుకుని హాల్లో నేల మీద పావులు పేర్చుకునేవాణ్ణి. మావాడు గుమ్మం దగ్గర నుంచి ఒకసారి చూసి వెళ్ళిపోయేవాడు. నాలుగోవారం కాబోలు, మంచినీళ్ళకని వచ్చి నిలబడి, "ఎవరితో ఓడిపోయావు?" అన్నాడు. "పదేళ్ళ పిల్లతో" అన్నాను. వాడు నమ్మలేనట్టు చూశాడు. తరవాతివారం గోడకు ఆనుకుని కూచున్నాడు. నేను పిలవలేదు. పిలవవద్దని మా ఆవిడ కళ్ళతోనే చెప్పింది.

ఏడో నెలలో ఒక ఆట జరిగింది. మళ్ళీ ఆ రెండు జడల అమ్మాయితోనే. గంటన్నర పోరాడాక బల్ల మీద మూడే పావులు మిగిలాయి. మీ ఇంట్లో బల్ల వుంటే పేర్చి చూడండి. తెల్లరాజు డి6లో, తెల్లబంటు ఇ6లో. నా నల్లరాజు ఇ8లో. ఆడవలసిన వంతు నాది. నేను రాజును ఎఫ్8కు జరిపాను. ఆ అమ్మాయి రాజును డి7కు తెచ్చింది. ఇంక బంటును ఆపే దిక్కు లేదు. అది మంత్రయింది, నేను ఓడాను.

ఆ రాత్రి అదే పేర్చుకుని దిగులుగా చూస్తున్నాను. "ఎలాగూ పోయే ఆటే" అన్నాను పైకి.

"కాదు నాన్నా" అన్నాడు మావాడు. వచ్చి ఎదురుగా కూచున్నాడు. ఏడాదిన్నర తరవాత ఆ బల్లకు ఎదురుగా కూచోవడం. నల్లరాజును ఎఫ్8కు కాకుండా డి8కు జరిపాడు. "ఇప్పుడు బంటు ఇ7కు వస్తే నాకు చెక్. నేను మళ్ళీ ఇ8కు వస్తాను. ఇప్పుడు తెల్లరాజు బంటును వదిలి వెళితే నేను దాన్ని తినేస్తాను. వదలకూడదంటే ఇ6 ఒక్కటే గడి. అక్కడికి వస్తే నాకు చెక్ లేదు, కదలడానికి చోటూ లేదు. స్టేల్‌మేట్. డ్రా!"

నేను అటూ ఇటూ తిప్పి చూశాను. వాడు చెప్పింది నిజం. ఒక్క గడి తేడాతో అర పాయింటు పోగొట్టుకున్నాను. తరవాత మేష్టారిని అడిగితే దానికొక సూత్రం వుందన్నారు. ఇలాంటి చోట బంటు ఏడో వరసలోకి చెక్ చెప్పకుండా నిశ్శబ్దంగా చేరితే గెలుపు. చెక్ చెబుతూ చేరితే డ్రా. అదే బల్ల మీద వంతు తెల్లవారిదైతే, బంటు చప్పుడు చెయ్యకుండా ఇ7కు నడుస్తుంది, నల్లరాజు ఎఫ్7కు తప్పుకోవాలి, తెల్లరాజు డి7కు వస్తుంది, గెలుస్తుంది. మావాడి బాల్యంలో నేను చెప్పిన చెక్కులన్నీ నాకు వరసగా జ్ఞాపకం వచ్చాయి.

కాని ఆ రాత్రికి నాకు సూత్రం తెలియదు. "నాకు తట్టలేదురా" అని మాత్రం అన్నాను. అంతకుముందు ఎప్పుడూ వాడితో అలా అన్న గుర్తు లేదు. "నువ్వు బళ్ళో ఓడిపోయిననాడు నేను అనవలసిన మాటలు కావు అవి" అని కూడా అన్నాను. వాడు పావులు సర్దుతూ, "ఆదివారం నేను కూడా రానా?" అన్నాడు.

వచ్చాడు. మొదటి ఆటలోనే ఓడిపోయాడు. ఇంటికి వచ్చేటప్పుడు స్కూటరు మీద నేను నోరు కట్టేసుకున్నాను. ఇది ముట్టుకున్న పావును కదపడం కంటె కష్టమైన నియమం. బండి దగ్గర ఆగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. రెండో బజ్జీ సగంలో వుండగా వాడే మొదలుపెట్టాడు, "పదిహేడో ఎత్తులో ఏనుగుతో తినకుండా వుండవలసింది నాన్నా" అని. ఎందుకని అడిగాను. ఇంటికి చేరేదాకా చెబుతూనే వున్నాడు.

కాబట్టి సోదరీ, మీ పేట సంఘానికి ముందుగా మీరే ఒకసారి వెళ్ళి చూడండి. అలమారలో కప్పులెన్ని వున్నాయో లెక్కపెట్టకండి. ఆట అయ్యాక ఇద్దరూ కూచుని దాన్ని మళ్ళీ చూసుకుంటున్నారా, ఎత్తులు రాయిస్తున్నారా, చిన్నవాళ్ళనూ పెద్దవాళ్ళనూ కలిపి కూచోబెడుతున్నారా, ఈ మూడూ చూడండి. వుంటే చేర్పించండి. చదువు సంగతి అంటారా, ఆదివారం రెండు గంటలు ఆటకు, తక్కిన రోజుల్లో ఒక అరగంట అని ముందే మాట అనుకోండి. ఆ మాట మీద నిలబడితే చదువు ఎక్కడికీ పోదు.

మీవారిని మాత్రం పిల్లవాడి బల్ల పక్కన నిలబడనివ్వకండి. వేరే బల్ల దగ్గర కూచోబెట్టండి. మా సంఘంలో రెండు జడల అమ్మాయి వుంది. మీ సంఘంలోనూ ఇలాంటి అమ్మాయి ఒకరు వుండకపోరు.